నచ్చకపోతే చెప్పకండి

“వాళ్ళకి నచ్చితే అప్పుడేం చేస్తావే?” అన్నాను.

అప్పటికి పాటలో ఒక్క ముక్క కూడా పుట్టలేదు. బాణీ మాత్రం వచ్చింది. మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, భోజనాల బల్ల మీద తెల్ల కాగితం పరుచుకుని, దాని వంక పంటి డాక్టరు నోట్లోకి చూసినట్టు చూస్తోంది. పగలంతా చేసే ఉద్యోగం కూడా అలాంటిదే. పంటి ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని, నొప్పి ఏ వైపో కనుక్కోవడం.

“నచ్చకపోతే ఏం చేస్తావని అడుగుతారమ్మా ఎవరైనా,” అంది ఒక చెవి ఖాళీ చేసుకుని.

“అదీ అడుగుదామనే ఉన్నాను. వరసలో ఉంది.”

“నచ్చితే మంచిదేగా.”

“నచ్చితే ఇంకోటి రాయమంటారు. తర్వాత ఇంకోటి. నువ్వు ఉద్యోగం మానేస్తావు. ఆ పైన వాళ్ళకి నచ్చడం మానేస్తుంది. అప్పటికి ఆసుపత్రిలో నీ కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉంటారు.”

అది మళ్ళీ చెవి మూసేసుకుంది. నా ముందుచూపుకి ఇంట్లో దక్కే గౌరవం అంతే.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. ఏడో తరగతితో బడి నన్ను వదిలిందో, నేనే దాన్ని వదిలానో, ఇద్దరం అంతగా బాధపడలేదు. వీధివైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జనం బట్టలు సరిచేస్తాను. ప్యాంట్ల పొడవు తగ్గించడం, నడుములు వదులు చేయడం, పాడైన జిప్పులు మార్చడం. మా ఆయన నీళ్ళ మీటర్లు చూస్తారు. ఇల్లిల్లూ తిరిగి అంకెలు రాసుకుంటారు. ఇంటికొచ్చాక మాటలు కూడా అంకెల్లాగే వాడతారు, ఎన్ని కావాలో అన్నే. ఇలాంటి ఇంట్లో పాటలు రాసే పిల్ల ఎలా పుట్టిందని ఒకసారి ఆయన్నే అడిగాను. “ఆసుపత్రిలో మారిపోయి ఉంటుంది,” అన్నారు పేపరు దించకుండా. ఆ ఒక్క ముక్కతో నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ నా భయం నవ్వులాట కాదు. అంతకుముందు మా అమ్మాయి మూడు పాటలు రాసి ముగ్గురికి పంపింది. ముగ్గురూ కాదన్నారు. మూడో ఆయన, “మీరు రాసింది బాగుంది గానీ అది పాట కాదు,” అన్నాడట. మరేమిటో కూడా ఆ నోటితోనే చెప్పి ఉంటే పుణ్యముండేది. ఆ తర్వాత ఎనిమిది నెలలు అది కాగితం ముట్టుకోలేదు. ఏడవలేదు, అరవలేదు. పనికి వెళ్ళింది, వచ్చింది, పెట్టింది తింది, గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నప్పటి నుంచీ అది స్నానాల గదిలోకి వెళ్తే లోపలి నుంచి ఏదో ఒక కూనిరాగం వినబడుతూనే ఉండేది. ఆ ఎనిమిది నెలలూ నీళ్ళ చప్పుడే. రోజూ తలుపు కొట్టి, “ఉన్నావా?” అని అడిగేదాన్ని. “ఇంకెక్కడికి పోతాను?” అనేది. ఆ గొంతు వింటే నాకు చేతులాడేవి కావు.

ఇప్పుడు ఇది నాలుగోసారి. ఈసారి షరతు కూడా పెట్టుకుంది. పంటి డాక్టరమ్మ తన ఆసుపత్రి మొత్తం చూసుకునే పని ఇస్తానంది. పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఉండాలి, శనివారాలు కూడా. తర్వాతి నెల గడిచేలోగా అవునో కాదో చెప్పాలి.

“ఈ పాట కూడా పోతే డాక్టరమ్మకి సరే అనేస్తానమ్మా. ఇంక రాయను. పీడా పోతుంది,” అంది.

పీడ పోతుందనుకున్నప్పుడు ఎవరి మొహమూ అలా ఉండదు.

ఈ అవకాశం ఇప్పించింది పాటల మాస్టారు. టైర్ల కొట్టు మీద గదిలో శనివారం సాయంత్రాలు పాటలు రాయడం నేర్పుతారు. మొదటిరోజు నేనూ వెళ్ళాను, మెట్లు గట్టిగా ఉన్నాయో లేదో చూడటానికి. మెట్లు గట్టివే, పట్టుకోవడానికి మాత్రం ఏమీ లేదు. ఆ మాట మాస్టారితో అంటే, “రాసేవాళ్ళు దేన్నీ పట్టుకుని నడవకూడదమ్మా,” అన్నారు. దిగేటప్పుడు ఆయన గోడ పట్టుకునే దిగారు.

మాస్టారు జీవితం మొత్తం మీద రెండు పాటలు రాశారు. ఒకటి బట్టల సబ్బు ప్రకటన కోసం. రెండోది అదే సబ్బు కొత్త కాగితంలో వచ్చినప్పుడు. కానీ ఎలా రాయాలో చెప్పడం మొదలుపెడితే ఆయనకి ఎదురులేదు. మా అమ్మాయి నోటుపుస్తకం నిండా ఎర్ర సిరాతో ఆయన సూత్రాలే. రోజూ రాయి, రాకపోయినా రాయి. రాసింది గొంతెత్తి పాడుకో. నీ బతుకులోంచి రాయి. బాధపడనిదే పాట పుట్టదు.

ఈ చివరిది నాకు బొత్తిగా మింగుడుపడలేదు. పిల్లకి ఏ బాధా తెలియకూడదని ఇరవై నాలుగేళ్ళు మేమిద్దరం కిందా మీదా పడితే, ఈయన ఫీజు పుచ్చుకుని మరీ బాధపడమంటున్నారు.

బతుకులోంచి రాయమన్నారు కదా అని మా అమ్మాయి మొదట పీకేసిన పన్ను మీద రాసింది. పన్ను పోయాక అక్కడ మిగిలే ఖాళీలోకి నాలుక మాటిమాటికీ ఎందుకు వెళ్తుందీ అని. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారట. నాకు మాత్రం ఆ పూటంతా దవడ సలిపింది.

బాణీ పంపినాయన్ని మా ఇంట్లో సంగీతం బాబు అంటాం. చిన్నవాడే, అయినా అప్పటికే ఆయన పాటలు నాలుగైదు జనం నోళ్ళలో ఉన్నాయట. బాణీలో మాటలుండవు. ఆయనే తన గొంతుతో “తనననా తననా” అని పాడి పంపుతాడు. ఆ తననాల్లో ఎన్ని అక్షరాలు పడతాయో అన్నిట్లోనే మాటలు కూర్చాలి. ఒకటి ఎక్కువైతే పాడేవాళ్ళకి ఊపిరాడదు. ఒకటి తక్కువైతే నోరు తెరుచుకుని నిలబడాలి. ఇది విన్నాక ఆ పని మీద నాకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది. కొలతలు మాత్రం ఇచ్చి, గుడ్డ నువ్వే నేసుకో అనడమన్నమాట.

సందర్భం కూడా చెప్పాడు. ఒకామె ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. ఎవరికోసమండీ అని మా అమ్మాయి అడిగితే, “అది మీ ఇష్టం,” అన్నాడట. అంటే ఆయనకీ తెలియదు.

నాలుగు రోజులు మా ఇంట్లో తననాలే తప్ప మాటల్లేవు. మా ఆయన గడ్డం గీసుకుంటూ తననా అన్నారు. నేను మిషను తొక్కుతూ తననా అన్నాను, ఎవరో బ్యాంకు ఉద్యోగి ప్యాంటు రెండు కాళ్ళూ రెండు పొడవుల్లో తేలాయి. ఐదో రోజు సాయంత్రం పల్లవి పుట్టింది. నన్ను మిషను ఆపమని, కుర్చీ నా పక్కకి లాక్కుని పాడింది.

*తలుపు వేయలేదు, గాలి వచ్చి పోయింది*
*దీపమార్పలేదు, పురుగు వచ్చి పోయింది*
*ఎవరెవరో వచ్చారు, నువ్వు తప్ప*

“తలుపెందుకు వేయలేదు?” అన్నాను.

“ఎదురుచూస్తోందమ్మా.”

“గడియ పెట్టుకుని ఎదురుచూడకూడదా? వచ్చేవాడికి తలుపు కొట్టడం రాదా?”

“అమ్మా.”

“ఎవరెవరో వచ్చారంటోంది. ఎవరెవరు? ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా, ఒక్కతేనా?”

“ఇది పాట. పోలీసు రిపోర్టు కాదు.”

లోపలి గదిలోంచి మా ఆయన, “పురుగు బాగుంది,” అన్నారు.

నా దగ్గర ఇంకా ప్రశ్నలున్నాయి. కానీ ఆ మూడో లైను చెవిలోంచి పోలేదు. దారం తుంపడానికి నోట్లో పెట్టుకుని, తుంపడం మర్చిపోయి అలాగే కూర్చున్నాను.

మొదటి చరణం కూడా ఆ చిన్న చిన్న మాటలతోనే వచ్చింది. రెండోదే మొరాయించింది. మొదట్లో ఆసుపత్రి నుంచి రాగానే రాసేది, తర్వాత ఆసుపత్రిలోనే రాయడం మొదలుపెట్టింది. మందుల చీటీల వెనక, ఎక్స్‌రే కవర్ల మీద. ఒక ముసలాయన మాత్రల వేళలు చూసుకుందామని చీటీ తిరగేస్తే, వెనక ‘నీ జాడ లేని నేను’ అని ఉందట. ఆయన ఫోను చేసి, ఇది భోజనానికి ముందా తర్వాతా అని అడిగాడు.

పంపాల్సిన రోజు ఆదివారం. శనివారం క్లాసు నుంచి అది నడిచొచ్చినట్టు లేదు, ఎగిరొచ్చినట్టు వచ్చింది. “కుదిరిందమ్మా. మాస్టారు ఒక దారి చూపించారు, మిగతాది గడగడా వచ్చేసింది,” అని చెప్పుల్లోనే నిలబడి పాడింది.

*విరహ వీణ తీగ తెగిన వేదనా వాహినిలో*
*విధి విసిరిన వలయమందు విలపించే విహంగమై*

వి తర్వాత వి వచ్చి పడుతూనే ఉంది. ఎక్కడైనా ఆగుతుందేమోనని చూశాను. పాడేదానికే ఊపిరి చాలలేదు. అప్పటిదాకా తలుపు దగ్గర కూర్చుని ఉన్న మనిషి లేచి ఎటో వెళ్ళిపోయి, ఆ చోట్లో మాస్టారు వచ్చి కూర్చున్నట్టుంది.

నా దగ్గరికొచ్చేవాళ్ళకి నేను మొహం మీదే చెబుతాను. ఈ కోటు మీకు నప్పదు, ఎంత వదులు చేసినా నప్పదు, దాచుకోండి అని. వాళ్ళు మూతి ముడుచుకుని వెళ్తారు, మళ్ళీ నా దగ్గరికే వస్తారు. కానీ ఇది నా ఎదురుగా, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి బుగ్గలు కందిపోయి, సంచి కూడా దించకుండా, “ఎలా ఉంది? నిజం చెప్పు,” అంది. నిజం చెప్పించుకునే మొహమేనా అది?

“బాగుంది,” అన్నాను.

“రెండో లైను?”

“అది ఇంకా బాగుంది.”

ఆదివారం పొద్దున్నే పంపేసింది. పంపి స్నానానికి వెళ్ళింది. లోపలి నుంచి కూనిరాగం వినబడింది. నేను కూర తరుగుతూ వింటున్నాను. అది ఇంక ఎన్నాళ్ళు వినబడుతుందో లెక్క వేసుకోవడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. సంతోషం వస్తే దాన్ని అలా ఖాళీగా కూర్చోబెట్టడం నాకు చేతకాదు.

కాదంటాడు. అదైతే ఖాయం. ఎలా కాదంటాడన్నదే ప్రశ్న. ఆ మూడో ఆయనలా నవ్వుతూ నరికితే? “వి ఎక్కువైంది” అని ఎగతాళి చేస్తే? ఇదంతా ఆలోచించి మంగళవారం, అది పనికి వెళ్ళాక, మిషను మీద గుడ్డ కప్పి, రెండు బస్సులు మారి సంగీతం బాబు స్టూడియోకి వెళ్ళాను. చిరునామా, ఫోను నంబరు నోటుపుస్తకం అట్ట లోపల ఉన్నాయి. దాని పుస్తకాలు నేను చదవను. అట్టలు చూస్తానంతే.

రంగుల డబ్బాల కొట్టు కింద భూమిలోకి దిగే మెట్లు. వీటికి పట్టుకోవడానికి ఇనప కడ్డీ ఉంది, మనిషి మీద కాస్త నమ్మకం కుదిరింది. లోపల గోడలకి నల్లటి స్పాంజి పలకలు అంటించి ఉన్నాయి. తలుపు మూయగానే నా చెప్పుల చప్పుడు నాకే వినబడలేదు. మేజోళ్ళతో ఒక పిల్లవాడు వచ్చి, “ఎవరు కావాలాంటీ?” అన్నాడు. ఆయనే సంగీతం బాబు. నా ఊహలో ఆయనకి కనీసం గడ్డమైనా ఉంది.

ఫలానా అమ్మాయి అమ్మనని చెప్పాను.

“ఆ పాట ఇంకా చూడలేదాంటీ. ఇవాళ వింటాను.”

“నిదానంగా విను బాబూ. నేనొచ్చింది తొందరపెట్టడానికి కాదు. నీకు నచ్చకపోతే చెప్పొద్దు, అంతే.”

“ఎవరికి?”

“మా అమ్మాయికి.”

“మరి ఏం చెప్పమంటారు?”

“ఏమీ చెప్పకు. ఊరుకో. నెమ్మదిగా తనే మర్చిపోతుంది.”

ఆయన తన జాకెట్ జిప్పు పైకీ కిందకీ లాగుతూ ఆలోచించాడు. “నచ్చితే?”

అది నేను ఆలోచించుకుని వెళ్ళలేదు. రెండు బస్సుల్లోనూ నచ్చదన్న వైపే కూర్చుని వెళ్ళాను.

“నచ్చితే మాత్రం ఒక్కసారిగా చెప్పకు బాబూ. అది తట్టుకోలేదు. ఉద్యోగం ఆ పూటే మానేస్తుంది. ఒక వారం పది రోజులాగి, మెల్లిగా చెప్పు.”

“ఎంత మెల్లిగా?”

“నీకూ అమ్మ ఉంది కదా. ఆవిడకి చెప్పినట్టు చెప్పు.”

“మా అమ్మకి నేనేమీ చెప్పనాంటీ,” అని నవ్వాడు. “సరే. నచ్చకపోతే చెప్పను. నచ్చితే మెల్లిగా చెబుతాను. మీరొచ్చిన సంగతీ చెప్పను. మాటిచ్చానంటే తప్పను నేను.”

“చల్లగా ఉండు నాయనా. ఆ జిప్పు అలా లాగకు, పళ్ళు ఊడతాయి.”

ఇంత సులువుగా ఒక పని జరగడం నా జన్మలో లేదు. అనుమానం అప్పుడే రావలసింది.

మొదటి వారం ఇంట్లో పండు వెన్నెల. కబురు రాలేదు. ఇంత తొందరగా ఎలా వస్తుందని అందరం అనుకున్నాం. రెండో వారం మా అమ్మాయి ఫోను భోజనం పళ్ళెం పక్కకి వచ్చింది. మూడో వారం స్నానాల గది కిటికీ మీదకి చేరింది. కూనిరాగం ఆగిపోయింది, ఫోను మోగితే వినబడాలిగా.

ఇందులో నా తెలివి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఊరుకుంటే నచ్చనట్టు. ఊరుకుంటే మెల్లిగా చెబుదామని ఆగినట్టు కూడా. ఊరుకోవడం ఒక్కటే, అర్థాలు రెండు. ఆ రెంటినీ అలా కలిపి కుట్టింది నేనే. ఎక్కడ విప్పాలో నాకే తెలియదు.

“చూసి ఉండడేమోనే,” అన్నాను ఒక సాయంత్రం.

“చూశాడమ్మా. నీలం గుర్తులు పడ్డాయి.”

“నీలం అంటే నచ్చినట్టా?”

“చూసినట్టు.”

కాసేపు చెంచా పళ్ళెంలో తిప్పింది. “ఆ ముగ్గురూ నయం. కాదన్నారు. కాదన్నారంటే విన్నారనేగా. ఈయనకి కాదనడానికి కూడా అనిపించలేదు. అంత లేకుండా రాశానన్నమాట.”

నేను మంచినీళ్ళు తాగాను. గ్లాసులో నీళ్ళయిపోయాక కూడా తాగుతూనే ఉన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం అది అట్టపెట్టె తెచ్చి నోటుపుస్తకాలు సర్దడం మొదలుపెట్టింది. బుధవారంతో నెల ముగుస్తుంది. “డాక్టరమ్మకి బుధవారం చెప్పేస్తాను,” అంది, ఎవరితోనో కాదు, అట్టపెట్టెతో. గొంతు అదే. ‘ఇంకెక్కడికి పోతాను’ అన్న గొంతు.

నేను వీధి చివరిదాకా నడిచి, మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కూర్చుని సంగీతం బాబుకి ఫోను చేశాను.

“బాబూ, ఆ పాట సంగతి.”

“నేనేమీ చెప్పలేదాంటీ,” అన్నాడు గర్వంగా. “మాటంటే మాటే.”

“అంటే నచ్చలేదా?”

“చెప్పొద్దన్నారుగా.”

“అమ్మాయికి వద్దన్నాను. నాకు చెప్పు.”

“పల్లవి చాలా నచ్చింది. మా సింగరు విని ఏడ్చింది. మొదటి చరణం కూడా బాగుంది. రెండో చరణమే వేరే ఎవరో రాసినట్టుంది. అది మళ్ళీ రాయమని ఆ రోజే అడుగుదామనుకున్నాను. కానీ మీరు నచ్చనిది చెప్పొద్దన్నారు, నచ్చింది మెల్లిగా చెప్పమన్నారు. రెండూ ఒకే పాటలో ఉంటే ఏం చేయాలో చెప్పలేదు. అందుకని ఆగాను.”

నా ఊహల్లో ఆయన అవుననేవాడు, లేదా కాదనేవాడు. ‘ఇది మార్చు’ అనే మనిషిని నేను ఊహించుకోనే లేదు. ఇంత చెడ్డ చెడ్డవన్నీ ఊహించినదాన్ని, అంత మామూలుది ఎలా వదిలేశానో.

“ఇప్పుడు అడగొచ్చుగా బాబూ.”

“గురువారం రికార్డింగు. బుధవారం మధ్యాహ్నానికి చేతికి రావాలి. మీ అమ్మాయిని అడగడానికి లేకపోయేసరికి ఇంకొకాయన్ని రాసి ఉంచమన్నాను. బుధవారంలోగా ఆ చరణం వస్తే మీ అమ్మాయి పాటే. నేను ఫోను చేసి చెప్పనా?”

“వద్దు. నేనే చెబుతాను.”

“మెల్లిగానా?” అన్నాడు. వెటకారమో, నిజంగా అడిగాడో తెలియదు. స్పాంజి గోడల మధ్య బతికేవాళ్ళ గొంతు పట్టుకోలేం.

ఇంటికొచ్చి చెప్పాను. పెట్టె ముందు నేల మీద కూర్చుని ఉంది. మొదటి నుంచి, రెండు బస్సులు మారడం దగ్గర నుంచి, జిప్పు సంగతితో సహా చెప్పాను. అది మధ్యలో ఒక్కసారే మాట్లాడింది.

“నచ్చకపోతే చెప్పొద్దన్నావా?”

“నువ్వు మళ్ళీ గోడవైపు తిరుగుతావని.”

నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. లేచి, పెట్టె ఎత్తుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఈసారి గడియ కూడా పెట్టుకుంది.

ఆదివారం రాత్రి భోజనానికి రాలేదు. సోమవారం వచ్చింది, తింది, ఉప్పు డబ్బా నా చేతి పక్కనుంటే వాళ్ళ నాన్ననడిగి తీయించుకుంది. పనికి వెళ్తూ ఆయనకి చెప్పింది, వచ్చి ఆయనకి చెప్పింది. ఆయన జీవితంలో ఒక్క రోజులో అన్ని మాటలు ఎప్పుడూ వినలేదు, పాపం అలిసిపోయారు.

“స్టూడియోకి వెళ్తున్నట్టు నాతో ఎందుకనలేదు?” అన్నారు నాతో.

“అంటే వెళ్ళనివ్వరని.”

“వెళ్ళనిచ్చేవాణ్ణే. కూడా వచ్చి నీ పక్కన నిలబడేవాణ్ణి. నోరు తెరిచినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి.”

మంగళవారం అది సెలవు పెట్టింది. పొద్దున్నుంచి గది తలుపు మూసే ఉంది. తననా అన్న చప్పుడు లేదు. కాగితం చింపిన చప్పుడు లేదు. నేను చెత్త వేసే వంకతో బయటికి వెళ్ళి ఇంటి పక్కసందులోంచి దాని కిటికీలోకి చూశాను. బల్ల ముందు కూర్చుని ఉంది. ముందు ఆ రెండో చరణం కాగితం. పక్కన తెల్ల కాగితం. పెన్ను మూత తీసి లేదు. చరణాన్నే చూస్తోంది, అందులో ఏమైందో తెలియనట్టు. తెలియదుగా మరి. మాస్టారు అద్భుతమన్నారు. అమ్మ ఇంకా బాగుందంది. కాదన్నది సంగీతం బాబు ఒక్కడే, అదీ నా నోటి నుంచి విన్నదే. ఎవరిని నమ్మి ఎక్కడ విప్పుతుంది?

తిరిగొచ్చి మిషను దగ్గర కూర్చున్నాను. ఒక జిప్పు తలకిందులుగా కుట్టి, విప్పి, మళ్ళీ తలకిందులుగానే కుట్టాను. లేచి ముక్కాలి పీట తీసుకెళ్ళి దాని తలుపు పక్కన వేసుకున్నాను.

“టీ పెట్టనా?” అన్నాను తలుపుతో.

జవాబు లేదు.

“కిటికీ వేసుకో. సందులోంచి దుమ్మొస్తోంది.”

సందులో నేను నిలబడ్డ సంగతి అలా బయటపడింది.

“నీ మంచికని వెళ్ళాననుకున్నాను. నీ మంచికి కాదులే. ఆ ఎనిమిది నెలలు నేను మళ్ళీ పడలేను. అందుకు వెళ్ళాను.”

లోపల కుర్చీ కొంచెం కదిలింది. అంతే.

వీధివైపు గదిలో ఎవరో పిలిచారు. బ్యాంకు ఉద్యోగి. సరిచేసిన ప్యాంటు కోసం వచ్చాడు. ఇచ్చాను. రెండు కాళ్ళూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుని, “ఈసారి సమానంగానే ఉన్నాయండీ,” అన్నాడు. “ఈ గోధుమరంగు మాత్రం మీకు నప్పదండి,” అన్నాను. ఆయన మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు. ఎవరో బ్యాంకులో పనిచేసే మనిషికి, ముక్కూ మొహం తెలియనివాడికి, నా దగ్గర అంత నిజం ఉంది. వచ్చి మళ్ళీ పీట మీద కూర్చున్నాను.

“ఆ రెండో చరణం,” అన్నాను.

పీట తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాను.

“నిజం చెప్పమని అడిగావు. బాగుందన్నాను. రెండో లైను ఇంకా బాగుందన్నాను. అబద్ధం. బాగాలేదు. నువ్వు చెప్పుల్లో నిలబడి పాడుతున్నప్పుడే తెలిసింది నాకు. సంగీతం బాబు చెప్పాక కాదు, అప్పుడే తెలిసింది. ఆయన్ని చెప్పొద్దని అడగడానికి మూడు రోజుల ముందే నేను చెప్పకుండా వదిలేశాను. నాకు పాటలు తెలియవు. ఇదొక్కటి తెలిసింది. అది నీది కాదు. బాగాలేదు.”

చెప్పేశాక వెనక్కి తీసుకోవాలనిపించింది. తలుపు కింద సందులోంచి ఎండ గీత ఒకటి వరండాలోకి వచ్చి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. పొయ్యి మీద ఎప్పుడో పెట్టిన నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోయే వాసన వచ్చింది. లేవలేదు. ఎండ గీత గడప దాటి, నా పీట కాలు దాకా వచ్చి, సన్నబడటం మొదలుపెట్టింది. మా ఆయన పని నుంచి వచ్చారు. నన్ను చూశారు. ఏమీ అడక్కుండా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేశారు.

లోపల కుర్చీ జరిగింది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. గడియ తీయలేదు. కాగితం మడతలు విప్పిన చప్పుడయింది.

“ఎక్కడ బాగాలేదు?” అంది.